గుండుమొన చాలు బావగారూ

కుట్టుబల్ల దగ్గర్నుంచి,
సోమవారం పొద్దున.

రేడియోల పొట్టలు కోసుకుంటూ, ఆదివారాన్ని కూడా సోమవారంలాగే గడిపేసే మా బావమరిదికి, దేవుడు నీ విషయంలో ఇంకా ఓపిక పడుతున్నాడని గుర్తుచేస్తూ మీ బావ రాసేది.

ఇక్కడ అందరం క్షేమం. మీ అక్క కూడా క్షేమమే, కాకపోతే నాతో మాట్లాడటం లేదు. అంటే మాట్లాడుతుంది. "వడ్డించాను", "గొళ్ళెం పెట్టండి", అంతవరకే.

జరిగింది దాచను. మా ప్రార్థన గదిలో ఇన్నేళ్ళూ పాటకు ముందు నిలబడేది మీ అక్కేనని నీకు తెలుసు. ఈ మధ్య మూతబడిన బడి ఒకటి సామాను పంచిపెడుతూ మాకో పాత రికార్డు ప్లేయరు ఇచ్చింది. నాకు వెంటనే మా పెట్టె అడుగున ఉన్న రికార్డు గుర్తొచ్చింది. పెళ్ళికి ముందు మీ నాన్నగారు స్టూడియోలో ఒకే ఒక్క ప్రతి వేయించారే, మీ అక్క పాడిన పాట, అది. పెళ్ళిచూపుల్లో ఆ పాట విన్నాకే కదా నేను మారుమాట లేకుండా తల ఊపింది. ఇన్నేళ్ళకు మళ్ళీ పెట్టి విన్నాను. ఏం గొంతు. మేఘాల పైన తీగ కట్టి లాగినట్టుంది. ఆ తర్వాత ఆదివారం మీ అక్క పాట విన్నాను. నేలమాళిగలోంచి వస్తున్నట్టుంది.

ఇక నా నోరు ఆగుతుందా? యజమాని ఇచ్చిన సొమ్మును గుంట తీసి పూడ్చిపెట్టిన సోమరి పనివాడి సంగతి ఆ రోజు వాక్యం. చెబుతూ చెబుతూ ఉండగా నా వేలు నన్ను అడక్కుండానే మీ అక్క వైపు తిరిగింది. "ఇదిగో, గొంతును పూడ్చిపెట్టిన మనిషి" అన్నాను. మీ అక్క పాటల పుస్తకం మూసి, "ఆ రికార్డులోలాగా నేను పాడలేను" అని, వెళ్ళి వెనక బల్ల మీద కూర్చుంది. అప్పట్నుంచీ అక్కడే ఉంది. పాటకు మా సభలో గడియారాలు బాగుచేసే మేస్త్రి నిలబడుతున్నాడు. తాళం తప్పడు పాపం, రాగమే దొరకదు.

నేను సభ ఎదుట ప్రమాణం చేశాను. ప్రార్థన గది తెరిచిన రోజు పండగ దగ్గర పడుతోంది కదా, ఆ రోజు ఆ రికార్డు అందరికీ వినిపిస్తాను. ఆ గొంతు ఎవరికి ఇవ్వబడిందో వాళ్ళు ఏడాదిపాటు ప్రతి ఆదివారం మన ముందు నిలబడి పాడతారు. పాడించలేకపోతే నేను వేదిక దిగి వెనక బల్ల మీద కూర్చుంటాను. ఇదీ మాట.

తీరా చూస్తే ప్లేయరు సూది విరిగింది. దుమ్ము పట్టిందని నా కొట్లోని గుడ్డపీలికతో తుడిస్తే, పోగుకు తగులుకుని విరిగి వచ్చేసింది. సూది ఉండే చిన్న డబ్బీని కార్ట్రిడ్జ్ అంటారటగా, అదీ కదులుతోంది. నువ్వు ఆ వ్యాపారంలోనే ఉన్నావు. మాది బీద సభ. మా స్తోమతలో మంచిది ఒకటి చూసి పంపు.

ఇట్లు,
గొంతు పూడ్చిపెట్టని మీ బావ.

తా.క. మీ అక్కకు చెప్పకు. చెప్పినా ఫరవాలేదు, నాతో అనదు.

*

రిపేరు కొట్టు నుంచి,
గురువారం.

పూజ్యులైన బావగారికి, మీ ఆశీస్సులకు దగ్గరలో, మీ వేలికి దూరంలో ఉండే బావమరిది నమస్కరించి రాసేది.

మీ ఉత్తరం చదివి మంచినీళ్ళు తాగాను.

ముందు ఒక మాట. అక్క పాటకు ఏమైంది? నాకైతే ఆ గొంతు ఎప్పుడూ బాగానే ఉంది. పెళ్ళిచూపుల్లో విన్న పాట ఎవరికైనా కొంచెం తియ్యగానే వినిపిస్తుంది. దాన్ని పట్టుకుని ఇప్పుడు పంచాయితీ ఎందుకు? ఆ రికార్డును పెట్టె అడుగునే హాయిగా నిద్రపోనివ్వకూడదా?

పెట్టే తీరాలి అంటారా, సరే. కార్ట్రిడ్జ్‌లలో చాలా రకాలున్నాయి గాని మీకు కావలసింది అన్నిటికన్నా చవకది. మనవాళ్ళు గుండుమొన అంటారు. దాని సూది చివర గుండ్రంగా, మొద్దుగా ఉంటుంది. పాత యంత్రాన్ని సతాయించదు, కాస్త వంకరగా బిగించినా అలగదు, అరిగితే సూది ఒక్కటే మార్చుకోవచ్చు. దీనికన్నా ఖరీదైన కోలమొన అని ఇంకోటుంది. అది రికార్డు మీది గాడి అడుగుదాకా దిగి ప్రతిదీ తవ్వి తెస్తుంది. మీకెందుకు? పాట వినడానికా, బావి తవ్వడానికా? ముఖ్యంగా రికార్డు మధ్యకు వచ్చేసరికి గాడి ఇరుకవుతుంది. అక్కడ గుండుమొన కొంచెం హోరు పెడుతుంది. పెట్టనివ్వండి. పాట అప్పటికే అయిపోతుంది.

నేను వ్యాపారిని. ఖరీదైనది అమ్మితే నాకే లాభం. అయినా చెబుతున్నాను: గుండుమొన చాలు బావగారూ. మీరు సరేనంటే వెంటనే పంపిస్తాను.

ఇట్లు,
మీ విధేయుడు.

తా.క. సూదిని మోసే ప్లేయరు చేతి బరువు సరిచూడకుండా పెట్టకండి. ఈకంత భారం చాలు. మీరు వాక్యం చెప్పేటప్పుడు బల్ల మీద వేసే భారం కాదు.

*

కుట్టుబల్ల దగ్గర్నుంచి,
సోమవారం.

ఈ తరంలో ఇంకా ఒక నీతిమంతుడు మిగిలి ఉన్నాడని నిరూపించిన బావమరిదికి, కన్నీళ్ళు తుడుచుకుంటూ మీ బావ రాసేది.

నాయనా, నిన్ను తప్పుగా అనుకున్నాను. పదేళ్ళుగా నీ పేరు మీద ప్రార్థన చేస్తూ "ఆ దారి తప్పిన గొర్రె" అని అంటూ వచ్చాను. నీ ఉత్తరాన్ని నిన్న సభలో చదివి వినిపించాను. "ఖరీదైనది అమ్మితే నాకే లాభం, అయినా చవకదే కొనండి" అని తన నోటితో చెప్పే వ్యాపారి ఎక్కడైనా ఉన్నాడా అని అడిగాను. సుంకాలు వసూలు చేసే పొట్టి మనిషి చెట్టు దిగి మారిపోయాడని విన్నాం గాని, మన బావమరిది ఏ చెట్టూ ఎక్కకుండానే మారాడు అన్నాను. మొత్తం వాక్యం నీ మీదే నడిచింది. ముందు బల్ల మీద కూర్చునే ముసలమ్మ రెండుసార్లు ముక్కు చీదింది. మీ అక్క మాత్రం ఎందుకో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తమ్ముడి మంచితనానికి ఉద్వేగం వచ్చి ఉంటుంది.

ఫలితం విను. సభలో చెడిపోయిన సామాను ఉన్నవాళ్ళందరూ ఇక నీ దగ్గరికే పంపుతామన్నారు. మూడు మిక్సీలు, తిరగని ఫ్యాను, ముసలమ్మ వాళ్ళాయన బతికి ఉన్నప్పుడే ఆగిపోయిన రేడియో, అన్నీ మూటకట్టి లారీకి వేశాం. నీకు తోచినంత తీసుకో. నువ్వు తక్కువే తీసుకుంటావని వాళ్ళకు చెప్పాను.

ఇక సూది సంగతి. బావమరిదీ, రేడియోల గురించి నువ్వు చెప్పు, వింటాను. సూదుల గురించి దర్జీకి చెప్పకు. గోనెసంచికి దబ్బనం, పట్టుగుడ్డకు సన్నసూది. పట్టుకు మొద్దు సూది వేస్తే గుడ్డ పీకుతుంది, కుట్టు నవ్వుతుంది. ఆ పాట పట్టు. దానికి దబ్బనం వేయమంటావా? మా బీదతనం చూసి నీ మనసు ఆగక అలా అన్నావని అర్థమైంది. సభకు చెబితే వాళ్ళకూ అర్థమైంది. అంత మంచి మనిషి మన కోసం లాభం వదులుకుంటే మనం ఊరికే ఉంటామా అని అందరూ తలా కాస్త వేసుకున్నారు. కోలమొనే కొంటాం. గుండుమొన పంపకు.

ఇట్లు,
నిన్ను చూసి గర్వపడే మీ బావ.

తా.క. వచ్చే ఆదివారం కూడా నీ గురించే. రెండో భాగం.

*

రిపేరు కొట్టు నుంచి,
బుధవారం.

బావగారికి, మిక్సీల మధ్య కాలు పెట్టే చోటు లేక ఒంటికాలి మీద నిలబడి బావమరిది రాసేది.

లారీ వచ్చింది. ఫ్యాను రెక్కల్లో పిచ్చుక గూడు కూడా ఉంది. గుడ్లు లేవు లెండి.

బావగారూ, దయచేసి నేను చెప్పేది సభలో చదవకండి. నేను నీతిమంతుణ్ణి కాను. ఈ వీధిలో ఎవరినైనా అడగండి, సంతోషంగా చెబుతారు.

కోలమొన వద్దు. కారణాలు చెబుతాను. ఒకటి, అది సుకుమారం, పాత యంత్రం చేతికి సరిపడదు. రెండోది, అది పాటతోపాటు గాడిలో ఉన్న ప్రతి చెత్తనూ వినిపిస్తుంది. దుమ్ము, గీత, స్టూడియోలో ఎవరో దగ్గింది, ఎవరో కుర్చీ జరిపింది. అవన్నీ సభకు అవసరమా? కొన్ని విషయాలు హోరులో ఉంటేనే అందం. మీ లేఖనంలోనే ఉంది కదా, మొహం చూస్తే చచ్చిపోతావని చెప్పి దేవుడు ఒకాయనకు వీపు మాత్రమే చూపించిన సంగతి. మూడోది, నా దగ్గర కోలమొన లేదు. ఎక్కడా లేదు. తయారు చేయడం మానేశారని విన్నాను.

ఇంకో దారి చెప్పనా? అక్కకు క్షమాపణ చెప్పండి. దానికి కార్ట్రిడ్జ్ అక్కర్లేదు.

ఇట్లు,
మీ మామూలు బావమరిది.

తా.క. ముసలమ్మగారి రేడియోలో లోపల సామాను ఏమీ లేదు. అందులో ఆవిడ దారపు ఉండలు పెట్టుకున్నట్టున్నారు. తిరిగి పంపనా, బాగుచేయనా?

*

కుట్టుబల్ల దగ్గర్నుంచి,
శనివారం.

లేఖనం చదవనని చెబుతూ లేఖనంతోనే వాదించే బావమరిదికి, లోలోపల మురిసిపోతూ మీ బావ రాసేది.

"నేను నీతిమంతుణ్ణి కాను" అన్నావు. నీతిమంతులు ఎప్పుడూ అదే అంటారు. ఆ వాక్యం కూడా నిన్న సాయంత్రం ప్రార్థనలో చదివి వినిపించాను. చదవొద్దన్నావు గాని దీపాన్ని కుంచం కింద పెట్టకూడదు.

నాకు ఒక విషయం తట్టింది. ఎంత అడిగినా చవకదే చవకదే అంటున్నావు. కోలమొన నీ కొట్లోనే లేదంటున్నావు. అంటే నీ వ్యాపారం బాగా లేదన్నమాట. నిజాయితీగా ఉంటే కొట్టు నిలబడుతుందా ఈ కాలంలో? నీ అభిమానానికి దెబ్బ తగలకూడదని సభ తరఫున మాట బయటికి రానివ్వకుండా ఒక మూట పంపుతున్నాం. రెండు చొక్కాలు, ఒక ప్యాంటు. నేనే కుట్టాను. నీ కొలతలు మీ అక్కను అడిగాను. చెప్పింది, చెబుతూ మళ్ళీ కొంగు అడ్డం పెట్టుకుంది.

నీకు ఇబ్బంది కలిగించకుండా కోలమొనను వేరే కొట్లో కొన్నాం. తయారు చేయడం మానేశారని నీకు ఎవరో అబద్ధం చెప్పారు, అక్కడ అద్దాల బీరువా నిండా ఉన్నాయి. కంగారుపడకు, మరీ ఖరీదు కాదు. మంచి రకాల్లో అన్నిటికన్నా కింది మెట్టుది. సూది మార్చుకునేదే. గడియారాల మేస్త్రి భూతద్దం పెట్టుకుని నాలుగు తీగలూ రంగులు చూసి తగిలించాడు. ఆ మనిషి పాట పాడుతుంటే చెవులు మూసుకుంటాను గాని, ఆ వేళ్ళు చూస్తే ముద్దొచ్చాయి. భారం నువ్వు చెప్పినట్టే ఈకంత పెట్టాడు.

ఇంకా పెట్టి వినలేదు. సాక్షిని న్యాయస్థానానికి రాకముందే చాటుగా కలిసి మాట్లాడకూడదు. రేపు కాదు, పై ఆదివారమే, అందరి ఎదుట.

ఇట్లు,
నీ ఆకలి తెలిసిన మీ బావ.

తా.క. ప్యాంటు నడుము దగ్గర రెండు వేళ్ళు వదులు పెట్టాను. తిని లావెక్కుతావని విశ్వాసం.

*

రిపేరు కొట్టు నుంచి,
శుక్రవారం, కొట్టు కట్టేసి.

బావగారికి,

మీరు రికార్డు పెట్టకముందే ఇది అందాలని మీ వైపు వచ్చే బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను.

పెట్టకండి. పెడితే, పాట అయిన మరుక్షణం చెయ్యి పైకి ఎత్తేయండి. ఒక్క గాడి కూడా ముందుకు పోనివ్వకండి. పాట, ఎత్తడం, ఇంటికి వెళ్ళడం. ఎందుకని అడగకండి. అక్క కాపురం కోసం అడుగుతున్నాననుకోండి.

ఇట్లు,
మీ బావమరిది.

తా.క. ప్యాంటు సరిపోయింది. అదే బాధగా ఉంది.

*

కుట్టుబల్ల దగ్గర్నుంచి,
సోమవారం.

పాటగాడైన బావమరిదికి, మొట్టమొదటిసారి మాటలు వెతుక్కుంటూ మీ బావ రాసేది.

నీ ఉత్తరం ఆదివారం పొద్దున్నే అందింది. అలవాటు ప్రకారం చదివి వినిపించాను. తప్పు నాదే. "పాట అవగానే ఎత్తేయండి" అన్న ముక్క చదివానో లేదో, గదిలో జనం బల్లల మీద ముందుకు జరిగారు. వద్దన్న పండు ఎంత తియ్యగా ఉంటుందో తోట నాటినవాడికి తెలుసు, నాకు తెలియాల్సింది.

మేస్త్రి ప్లేయరు చెయ్యి దించాడు. పాట మొదలైంది. ఆ సూది గురించి ఏం చెప్పను. గుడ్డ మీద పడ్డ వెన్నెలను కత్తిరించకుండా మడతపెట్టినట్టు ఉంది. నేను ఏడ్చాను. ఏడుస్తూనే వెనక బల్ల వైపు చూసి, "ఇదీ నువ్వు పూడ్చిపెట్టిన గొంతు" అన్నట్టు తల ఎగరేశాను. మీ అక్క నేల చూస్తోంది.

పాట అయిపోయింది. మేస్త్రి ఎత్తబోయాడు. ముసలమ్మ వాడి మణికట్టు పట్టుకుంది. "ఉండరా, అంత మంచివాడు వద్దన్నాడంటే ఏదో ఉంది" అంది. రికార్డు తిరుగుతోంది. కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత ఒక పిల్లాడి గొంతు, పాట పాడిన ఆ గొంతే:

"అక్కా, బాగా పాడానా? మగపిల్లాడు ఆడపిల్లలా పాడాడని ఎవరికీ చెప్పకే. బళ్ళో ఏడిపిస్తారు."

ఆ వెంటనే ఇంకో గొంతు, కింది నుంచి, నెమ్మదిగా, నేలమాళిగలోంచి: "చెప్పనులే. నేనే పాడానంటాను. ముక్కు తుడుచుకో."

బావమరిదీ, పాత లేఖనంలో గుడ్డి తండ్రి ఒకాయన తడిమి చూసి, గొంతు ఒకడిది చేతులు ఇంకొకడివి అని తికమకపడ్డాడు. నాకు కళ్ళున్నాయి, అయినా పడ్డాను. ఇంకొకాయన ఏళ్ళ తరబడి చాకిరీ చేసి పెళ్ళి చేసుకుంటే, తెల్లారేసరికి పక్కన వేరే పెళ్ళికూతురు. ఆయనకు మర్నాడే తెల్లారింది. నాకు జుట్టు తెల్లబడ్డాక తెల్లారింది.

గది అంతా నవ్వింది. మేస్త్రి అయితే భూతద్దం తీయకుండానే నవ్వాడు. నేను వేదిక మీద నిలబడి మంచి వాక్యం కోసం వెతుక్కున్నాను. అబద్ధాల మీద నాకు నలభై వాక్యాలు నోటికి వచ్చు. ఒక్కటీ రాలేదు.

ఇంటికి వచ్చాక గర్జించాను. "మీ అమ్మ పెళ్ళిచూపుల్లో ఆ రికార్డు పెట్టి నీ పాటేనని చెప్పింది. నువ్వు ఊరుకున్నావు. మొన్న అంతమందిలో నిన్ను అన్నాను, అప్పుడూ ఊరుకున్నావు. ఎందుకు?" అన్నాను. "తమ్ముడికి మాటిచ్చాను" అంది. అంతే. నా చేత సభలో మాట పడింది గాని, ముక్కు కారే పిల్లాడికిచ్చిన మాట తప్పలేదు. ప్రమాణాల గురించి నేను ప్రతి నెలా అరుస్తాను, ఆమె ఇంట్లో కూర్చుని నిలబెట్టుకుంటోంది.

అక్కడితో ఆగిందా? వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగి, "ఇన్నేళ్ళూ మా తమ్ముడి గొంతును చూసుకుని మురిసిపోయారు. మరి కాపురం నాతో ఎందుకు చేశారు?" అని అడిగింది. లేఖనమంతా తిరగేశాను. ఆఖరికి పుస్తకం మూసి క్షమించమన్నాను. నువ్వు చెప్పింది నిజమే, దానికి కార్ట్రిడ్జ్ అక్కర్లేదు. వచ్చే ఆదివారం సభ ఎదుట కూడా అడుగుతాను, నా వేలు అందరూ చూశారు కాబట్టి.

ఇక నీ సంగతి. నా ప్రమాణం నీకు తెలుసు. ఆ గొంతు ఎవరికి ఇవ్వబడిందో వాళ్ళు ఏడాదిపాటు ప్రతి ఆదివారం మన ముందు నిలబడి పాడాలి. నేను మీ అక్క అనుకుని అన్నాను. దేవుడు నిన్ను అనుకుని విన్నాడు. ఇప్పుడు నీ గొంతు ఖాళీ డబ్బాలో గులకరాళ్ళలా ఉంటుందని నాకు తెలుసు. అది నీకూ దేవుడికీ మధ్య సంగతి. వచ్చే ఆదివారం మొదటి బస్సుకు రా. రాకపోతే మాట ప్రకారం నేను వెనక బల్ల మీద కూర్చోవాలి. అంత పని చేయవని నమ్ముతున్నాను.

ఇట్లు,
నీ కోసం బస్టాండులో నిలబడే మీ బావ.

తా.క. మిక్సీలు కూడా తీసుకురా. వాళ్ళు అడుగుతున్నారు.

ఇంకో తా.క. తమ్ముడూ, నేను అక్కను. కవరు అంటించమని ఇచ్చి ఆయన కొట్టుకు వెళ్ళారు. నేను మళ్ళీ పాటకు నిలబడుతున్నాను, నేలమాళిగ గొంతుతోనే. ముసలమ్మ ఇదే బాగుందంది. నువ్వు ఈ ఆదివారం మాత్రం రాకు, పై వారం రా. ఆయన్ని ఒక్కసారి వెనక బల్ల మీద చూడాలని ఉంది. వాక్యం మేస్త్రి చెబుతాడట, సరిగ్గా గంట కొట్టేసరికి ముగిస్తానన్నాడు. బస్సు తప్పిపోయిందని రాసెయ్. ఊరంతా నమ్ముతుంది, నీ అంత నిజాయితీపరుడు లేడని ఆయనే కదా రెండు భాగాలు చెప్పారు.